పిన్ని చెరిపేసిన గుట్ట

పిన్ని పోయిందని బాబాయి ఫోన్ చేసినప్పుడు నేను మాదాపూర్ ఆఫీసులో మీటింగులో ఉన్నాను. పొద్దున కాఫీ తాగుతూ కూలబడిపోయిందట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నాకు గుర్తొచ్చింది, ఒకప్పుడు ఆమె ఎవరి దగ్గర పనిచేసిందో ఆ ప్రొఫెసరు. ఆయన మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. చావు కబురు వినగానే ఇలా అనుకోవడం మంచిది కాదని తెలుసు. కానీ పిన్ని గురించి రాస్తూ మంచితనం నటిస్తే ఆమే ఒప్పుకోదు.

మా అమ్మకి చెల్లెలు. ఫిల్మ్‌నగర్‌లో గుట్ట మీది ఒక ఇంట్లో, మేడమీద వాటాలో ఉండేవాళ్ళు. బాబాయి సినిమా ఎడిటరు కాబట్టి వీధిలో అందరికీ ఆమె ఎడిటరుగారి భార్య. ఫిజిక్స్‌లో డాక్టరేటు చేసిందనీ, విదేశంలో జరిగే ప్రయోగాల డేటా మీద ఇక్కడి యూనివర్సిటీలో పనిచేస్తుందనీ చాలామందికి తెలీదు. పెన్సిలు జడముడిలో గుచ్చుకుని, గ్రాఫు కాగితాలు వరండాలో పరుచుకుని కూర్చునేది. కూరలమ్మే యాదమ్మ ఒకసారి అడిగింది.

"గా కాయితాలల్ల ఏం దేవులాడుతున్నవమ్మా? ఏమన్న పోయిందా?"

"పోలేదు యాదమ్మా. అసలుందో లేదో తెలీదు."

"గట్లైతె ఎట్ల దొరుకుతది?"

"అదే నా ఉద్యోగం" అంది పిన్ని.

ఆమె వెతికేది వింత మీసాన్లనే సూక్ష్మ కణాలని. మామూలు మీసాన్‌లో క్వార్కు అనే ఇంకా చిన్న కణం ఒకటి, దానికి వ్యతిరేకమైన ప్రతిక్వార్కు ఒకటి జంటగా ఉంటాయి. నాలుగు కలిసి ఉన్నవి కూడా ఉండొచ్చని శాస్త్రం అంటుంది. కణాలని మహా వేగంతో ఢీకొట్టించి, పుట్టిన ముక్కల్ని బట్టి అవి ఏ బరువు దాన్నించి వచ్చాయో లెక్కకట్టి గ్రాఫు గీస్తారు. కొత్తది ఉంటే, ఆ బరువు దగ్గర గీత గుట్టలా లేస్తుంది.

పిన్నికి ఒక గుట్ట కనిపించింది. ఆమె సంబరపడలేదు. 'ఇంకా సగం డేటా చూడాలి, ఇది నిలవకపోవచ్చు' అని ప్రొఫెసరుకి ఉత్తరం రాసి, నకలు దాచుకుంది. అంతలో బాబాయికి గుండె ఆపరేషన్ అయింది. ఆరు నెలలు సెలవు పెట్టింది. ఆ ఆరు నెలల్లోనే ప్రొఫెసరు అదే గుట్టతో, పిన్ని పేరు తీసేసి, కొత్త కణం కనిపెట్టామని వ్యాసం అచ్చువేయించాడు. సన్మానాలు జరిగాయి.

పిన్ని ఆయనకి ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "సెలవులో ఉన్నావు కదమ్మా. హాయిగా సంసారం చూసుకో" అన్నాడట. ఫోన్ పెట్టేసి నాతో మెల్లిగా అంది: "ఆయన్ని వదలనే."

యూనివర్సిటీ మానేసింది. అంతకు ఎన్నో రెట్లు డేటా ఉన్న మరో ప్రయోగంలో చేర్చుకోమని రాసి, చేరింది. నాకు అప్పుడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. మూడేళ్ళు ప్రతి ఆదివారం ఆమెతో కూర్చుని ప్రోగ్రాములు రాశాను. నేను తొందరపడితే ఆపేది. "పగ తీర్చుకునేవాళ్ళు లెక్క తప్పకూడదే."

డేటా పెరిగేకొద్దీ గుట్ట కుంగింది. ఒక మధ్యాహ్నం గీత చదునైపోయింది. నేను చప్పట్లు కొట్టాను. పిన్ని కొట్టలేదు. "దీన్ని మొదట చూసింది నేను. లేదని చెప్పాల్సిందీ నేనే" అని లేచి, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఆయన కణమే కాదు, అది ఆమె కణం కూడా. నాకు అప్పుడు తోచలేదు.

ఆ ఫలితం చెప్పే సెమినార్‌లో ప్రొఫెసరు ముందు వరసలో ఉన్నాడు. పిన్ని రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి, తర్వాత తన పాత ఉత్తరం తెరమీద వేసింది. చదవలేదు. అందరూ చదివేదాకా ఊరికే నిలబడింది. ఆయన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

తర్వాతెప్పుడో "క్షమించావా?" అని అడిగాను. "క్షమించడానికి అవతలివాళ్ళు అడగాలిగా" అంది.

పిన్ని పోయిన పదకొండో రోజున ప్రొఫెసరు ఇంటికి వచ్చాడు. "నా శిష్యురాలు. రెండు మాటలు చెబుతాను" అంటూ లేచాడు. బాబాయి కుర్చీలోంచి కదలకుండానే అన్నాడు: "వచ్చారు, సంతోషం. భోంచేసి వెళ్ళండి. మాటలు మాత్రం వద్దు." అంతమందిలో ఆయన కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. నాకు హాయిగా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది.

సెమినార్ రోజు మేం ఆటోలో తిరిగొస్తుంటే ఇంటి దగ్గర షూటింగని దారి ఆపేశారు. ట్యాంకరు నీళ్ళతో వాన కురిపిస్తున్నారు. పిన్ని ఆటో దిగి, కాగితాల సంచి గుండెలకి హత్తుకుని, పట్టుచీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, ఎర్రటి ఎండలో ఆ వానలోంచే నడిచింది. అసిస్టెంట్ డైరెక్టరు "మేడమ్, షాట్‌లో ఉన్నారు, పక్కకి రండి" అని మైకులో వేడుకుంటున్నాడు. ఆమె తల తిప్పలేదు. తడిసి ముద్దయి, గుట్ట ఎక్కుతూనే ఉంది.