చెవితో చూసిన మంట

అది 2022 వేసవి. కరోనా గొడవ సద్దుమణిగి, మధ్యలో ఆగిపోయిన ఇళ్లన్నీ మళ్లీ లేస్తున్న రోజులు. కొత్తగూడెంలో నాది పొయ్యిల షాపు. మామూలు గ్యాస్ స్టవ్ నుంచి హాబ్ దాకా అన్నీ అమ్ముతాను. రెంటికీ తేడా ఏమిటని అడిగేవాళ్లకు, స్టవ్ గట్టు మీద కాళ్లూని నిలబడుతుంది, హాబ్ గ్రానైట్‌ను కోసి దింపితే గట్టులోనే ఒదిగి కూర్చుంటుంది అని చెబుతాను. గట్టు కోశాక "అబ్బే, ఇది కాదు" అంటే కుదరదు. అందుకే హాబ్ కావాలన్నవాళ్ల వంటింటికి ముందు నేనే టేపు పట్టుకుని వెళ్లి చూసొస్తాను.

ఈ వ్యాపారంలోకి మా మామగారి పుణ్యాన వచ్చాను గానీ, నిలబడింది మాత్రం మంట మీద ఇష్టంతోనే. బేరాల్లేని మధ్యాహ్నాలు డెమో కౌంటర్ మీద ఒక బర్నర్ సన్నగా వెలిగించి, ఆ నీలం రేకుల్ని చూస్తూ కూర్చుంటాను. బజారు, ఎండ, ఆటోల హారన్లు అన్నీ ఎక్కడికో వెళ్లిపోతాయి. "గ్యాస్ ఏమన్నా చెట్లకు కాస్తుందా?" అని మా ఆయన విసుక్కుంటాడు. విసుక్కోనీ. అలా కూర్చున్న ఒక మధ్యాహ్నమే రాజలింగం గారూ, ఆయన భార్య కనకమ్మ గారూ షాపు మెట్లెక్కారు. ఆయన ముందు, ఆమె వెనక. ఆమె చెయ్యి ఆయన భుజం మీద ఉంది.

రాజలింగం గారు బొగ్గు బాయిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యారు. షిఫ్ట్‌లో అందరికంటే ముందు పనిచోటుకు వెళ్లి, అక్కడ గ్యాస్ ఉందో లేదో దీపంతో చూసి, "ఇగ రాండ్రి" అనే మనిషి సర్దార్. గ్యాస్ ఉంటే ఆ దీపం మంట మీద నీలంగా ఒక టోపీ లేస్తుందట. ఎందరి ప్రాణాలో ఆ టోపీని గుర్తుపట్టే ఆయన కళ్ల మీద ఆధారపడి ఉండేవి. కనకమ్మ గారికి నీటికాసులు. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి, అప్పటికి వెలుతురుకూ చీకటికీ తేడా మాత్రం తెలుస్తోంది.

"కరెంటు పొయ్యి సూపియ్యమ్మా. మంట ఉండొద్దు, గ్యాస్ ఉండొద్దు," అన్నారాయన కూర్చోకుండానే.

సంగతి మెల్లగా బయటికొచ్చింది. క్వార్టర్ ఖాళీ చేసి, కొత్తిల్లు పూర్తయ్యేదాకా కిరాయింట్లో ఉంటున్నారు. ఒకరోజు పాలు పొంగి మంట ఆరిపోయింది. పక్కనే అంట్లు తోముతున్న ఆమెకు నీళ్ల చప్పుడులో అది వినపడలేదు, జలుబు వల్ల వాసనా తెలియలేదు. బయటి నుంచి వచ్చిన ఆయనకు గడపలోనే వాసన తగిలింది. ఏ ప్రమాదమూ జరగలేదు గానీ ఆ రోజే ఆయన రెగ్యులేటర్ ఊడబీకి బీరువాలో పెట్టేశారు. అప్పటినుంచి అన్నం కరెంటు కుక్కర్లో, కూరలు వీధి చివరి కర్రీ పాయింట్ నుంచి.

"గా కర్రీ పాయింట్ కూరల్ల ఉప్పుంటది, కారముంటది. ఇల్లుండదు బిడ్డా," అన్నారు కనకమ్మ గారు నా వైపు ముఖం తిప్పి. "నన్ను కూసోబెట్టి తినమంటుండు. నేనేమన్న సుట్టమా?"

ఆ మాటకు ముందు నవ్వాను. తర్వాత అర్థమైంది. ఆమెకు చూపు ఎలాగూ పోయింది. ఇప్పుడు వంటిల్లు కూడా పోతోంది.

ముందు ఆయన అడిగిందే చూపించాను. ఇండక్షన్ హాబ్‌లో మంట ఉండదు. నున్నటి గాజు పలక కింద తీగచుట్ట ఉంటుంది, ఇనుప అడుగున్న గిన్నె పెడితే ఆ గిన్నే వేడెక్కుతుంది. మంచి వస్తువే, చూపున్నవాళ్లకు నేను ధైర్యంగా ఇస్తాను. కనకమ్మ గారు ఆ గాజు మీద వేళ్లు నడిపించారు. బటన్లు ఉబ్బెత్తుగా ఉండవు, వేలు తాకితే చాలు. ఆమె వెతుకుతుండగానే అది బీప్ అంది, మళ్లీ బీప్ అంది.

"గిప్పుడు అంటుకున్నదా, ఆరిందా?"

"ఆరింది పెద్దమ్మా."

"మట్టి దాకల శాపల పులుసు అయితదా దీని మీద?"

"కాదు పెద్దమ్మా. మట్టిదైతే వేడెక్కదు."

ఆమె పుట్టిల్లు దుమ్ముగూడెం, గోదారి ఒడ్డు. చేపల పులుసు కానిదాన్ని ఆమె పొయ్యి అనుకోవడం కష్టమే. "బటన్లు నేనొత్తుత తియ్యి," అన్నారు రాజలింగం గారు. "నువ్వొత్తితే నువ్వొండినట్టే. ఆడ నేనెందుకు, గిన్నె మీద మూతకా?" అన్నారామె.

నేను ఆమె చెయ్యి పట్టుకుని, వెలుగుతున్న డెమో బర్నర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె తల కొంచెం వంచి ఆగారు. నేను నాబ్ మెల్లగా తిప్పాను. "సన్నమంట," అన్నారు. ఇంకొంచెం తిప్పాను. "పప్పు ఉడుకుతది దీని మీద." పూర్తిగా తెరిచాను. "గిది నీళ్లు కాగవెట్టుడుకు." కళ్లు మూసుకుని నేనూ విన్నాను. రోజూ నీలం రేకుల్ని చూస్తూ కూర్చునేదాన్ని, ఆ మంటకు ఇన్ని గొంతులున్నాయని నాకు ఏనాడూ తోచలేదు. కాసేపు ఇద్దరం ఏదో వాగు పక్కన నిలబడ్డట్టు నిలబడిపోయాం.

"ఆరితెట్ల?" రాజలింగం గారి గొంతు మమ్మల్ని వెనక్కి లాగింది.

ఆరితే ఏమవుతుందో చూపించాను. ఈ డెమో హాబ్ లాంటి కొన్నిటిలో ఎఫ్ఎఫ్‌డీ అని ఉంటుంది, అంటే ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్. ప్రతి బర్నర్ పక్కనా చిన్న లోహపు పుల్ల నిలబడి ఉంటుంది. మంట తగిలి అది వేడిగా ఉన్నంతసేపే గ్యాస్ వస్తుంది. మంట ఆరితే పుల్ల చల్లారి వాల్వ్ దానంతటదే మూసుకుంటుంది. అట్టముక్కతో విసిరి మంట ఆర్పేశాను. ముగ్గురం చెవులు రిక్కించాం. లోపల ఎక్కడో 'టక్' మంది.

"మూసుకున్నది," అన్నారు కనకమ్మ గారు అందరికంటే ముందు.

ఆయన మళ్లీ ఆర్పమన్నారు. మళ్లీ మళ్లీ ఆర్పించారు. ఇండక్షన్ వైపొకసారి, భార్య వైపొకసారి చూశారు. చివరికి, "సరే. కిరాయిల్లు గాబట్టి ఆనాడు గట్లయింది. నా కొత్తింట్ల గ్యాస్ పోయే తొవ్వలు మంచిగ పెట్టిచ్చిన. గ్యాస్‌దే ఇయ్యి. వచ్చి కొలతలు తీస్కో," అన్నారు. కనకమ్మ గారు నా చెయ్యి ఇంకా వదల్లేదు. ఆ వేళ్ల బిగువు ఇప్పటికీ గుర్తుంది.

కొత్తిల్లు టేకులపల్లి దాటాక, అడవి మొదలయ్యే చోట. నేను వెళ్లిన పొద్దున ఇప్పపూలు రాలుతున్నాయి. దారంతా ఆ తియ్యటి మత్తు వాసన. స్కూటీ నడుపుతున్నానో నిద్రలో తేలుతున్నానో తెలియని పొద్దు. వాకిట్లో పూలు ఏరుతున్న ఆడవాళ్లు కోయ భాషలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఆ నవ్వులు దాటి వంటింట్లోకి వెళితే, నేల మీద పొడుగు పొడుగు వెలుతురు చారలు పరుచుకుని ఉన్నాయి. ఎక్కడివా అని తలెత్తి చూశాను. స్లాబు కిందే, గోడల చుట్టూ వరసగా గవాక్షాలు. ఇంత ఎత్తున ఇన్ని గవాక్షాలున్న వంటిల్లు నేనెప్పుడూ చూడలేదు.

అప్పటికే కనకమ్మ గారు అక్కడ కాపురం మొదలుపెట్టేశారు. ఖాళీ గట్టు మీద చెయ్యి జాపుతూ, "ఉప్పు గీడ. పోపుల డబ్బా గీడ. నూనె గోడకు," అని తనలో తాను సర్దుకుంటున్నారు. "పొయ్యి ఏడ పెడ్తవు బిడ్డా?"

నేను అప్పటికే కిందికి చూస్తున్నాను. గట్టు కింద సిలిండర్ కోసం నాలుగు వైపులా మూసిన అర. దానికి బిగుతైన తలుపు. పెరట్లోకి తలుపు ఉంది గానీ దాని గడప ఎత్తుగా ఉంది. నేలకు దగ్గరగా ఒక్క కంత లేదు.

"పెద్దయ్యా, గీ గవాక్షాలు గంత మీదికెందుకు పెట్టిచ్చిండ్రు?"

"గ్యాస్ మీదికి పోతది గదమ్మా," అన్నారాయన, చిన్నపిల్లకు చెప్పినట్టు ప్రేమగా. "బాయిల కప్పును పట్టుకొని ఉంటది. మేం దీపం గాడికే లేపి సూసేది. మేస్త్రీ వద్దంటె గూడ కొట్లాడి పెట్టిచ్చిన. గీ ఇంట్ల గ్యాస్ ఆగదు."

ఆయన బాయి గ్యాస్ సంగతి అక్షరాలా నిజం. అది గాలికంటే తేలిక. కానీ మన సిలిండర్లో ఉండే ఎల్‌పీజీ గాలికంటే బరువు. లీకైతే కిందికి దిగి, నేల మీద పాకి, గుంటలో నీళ్లలా నిలుస్తుంది. ఆయన ప్రాణం పెట్టి కట్టించిన తొవ్వల వైపు కన్నెత్తి కూడా చూడదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ పొద్దున నా పరిస్థితి అదే. గ్యాస్ హాబ్‌కు ఆయన ఒప్పుకున్నది ఆ గవాక్షాలను నమ్మే. అవి దండగని చెబితే ఆయన కచ్చితంగా వద్దంటారు, ఆమె పొయ్యి ఆమెకు దక్కదు. చెప్పకుండా, 'గాలి కోసం' అని ఏదో వంక పెట్టి కింద రెండు కంతలు కొట్టించేస్తే? ఆ ఆలోచన చాలా తియ్యగా ఉంది, బయటి ఇప్పపూల వాసనలాగే. కానీ రేపెప్పుడైనా వాసన వస్తే ఈ మనిషి పరుగున వచ్చి కప్పు వైపు చూస్తాడు. అక్కడ ఏమీ లేదని ధైర్యంగా నిలబడతాడు. అది తలుచుకుని ఆ వంక పక్కన పెట్టేశాను.

"పెద్దయ్యా, సిలిండర్ల గ్యాస్ వేరే. గాలి కన్న బరువుది. మీదికి పోదు, నేల పొంటి పాకుతది."

ఆయన నవ్వారు. "మండే గ్యాస్ కిందికెట్ల దిగుతదమ్మా? ఊపిరి ఆపే గ్యాస్ కిందుంటది. మండేది మీదుంటది."

"మీ బాయిల గంతే. గీడ మండేదే కిందుంటది."

ఆయన నవ్వు ఆగిపోయింది. వాదిస్తారనుకున్నాను, వాదించలేదు. తలెత్తి గవాక్షాలను ఒక్కొక్కటే చూశారు. తర్వాత గొంతుక్కూర్చుని, అరచెయ్యి నేలకు దగ్గరగా పెట్టి గాలి ఆడుతోందా అని చూశారు. ఆడటం లేదు. ఉద్యోగమంతా గ్యాస్‌ను ఎరిగిన మనిషి తన సొంత వంటింట్లో అలా కూర్చుంటే చూడటం నాకు కష్టంగా అనిపించింది.

"అయితే గ్యాస్ వద్దు," అన్నారు లేస్తూ. "నాకు తెల్వని గ్యాస్ కాడ నా మనిషిని నిలబెట్ట. గా కరెంటుదే పెట్టమ్మా."

గట్టు మీద కనకమ్మ గారి చెయ్యి ఆగిపోయింది. ఏడుస్తారనుకున్నాను.

"ఏమయ్యా," అన్నారు ఆమె, చాలా మామూలుగా. "కండ్లు పోయినంక నేను నడుసుడు మల్ల నేర్సుకున్న. గడప ఏడుందో కాలితోటి, కూర ఉడికిందో లేదో చెవుతోటి ఎరుక జేసుకుంటున్న. గీ వయసుల నేను గిన్ని నేర్సుకుంటున్న. నువ్వు ఒక్క గ్యాస్ నేర్సుకోలేవా?"

రాజలింగం గారు ఆమె వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి అడిగారు:

"కంత నేలకు ఎంత ఎత్తుల ఉండాలె?"

బడిలో కొత్తగా చేరిన పిల్లవాడి గొంతు అది. సిగ్గు లేదు, శ్రద్ధ ఉంది. నేలను ఆనుకునే ఉండాలని చెప్పాను. పెరటి గోడకు కంతలు కొట్టించి జాలీ బిగించారు. సిలిండర్ బయట నీడలోకి మారి, అక్కడి నుంచి పైపు లోపలికొచ్చింది. ఎత్తు గడపను మేస్త్రీతో చెక్కించారు. ఆ మేస్త్రీ "నేనానాడే జెప్పలేదా" అన్నాడట. అన్నాడని ఆయనే నాకు చెప్పి నవ్వారు.

హాబ్ ఎంపికలో ఇక తికమక లేదు. నాలుగు బర్నర్లది ఘనంగా ఉంటుంది గానీ వెనక గిన్నె అందుకోవాలంటే ముందు మంట మీదుగా చెయ్యి జాపాలి. అందుకని రెండే బర్నర్లు, పక్కపక్కన, నడుమ బాగా ఎడం ఉన్నది తీసుకున్నాం. నాబులు ముందు వైపు. గిన్నెలు నిలిచే స్టాండ్లు పోత ఇనుపవి, మోచెయ్యి తగిలినా కదలవు. అన్నిటికంటే ముఖ్యం ఎఫ్ఎఫ్‌డీ. నాబ్ తిప్పితే మంట ఆరే చోట, సన్నమంటయ్యే చోట ఎమ్‌సీల్ ముద్దను చుక్కలుగా, ఉబ్బెత్తుగా అంటించాను. ఆమె వేలు వాటిని ఇట్టే పట్టేసింది.

మొదటిసారి వెలిగించిన రోజు నేనక్కడే ఉన్నాను. ఎఫ్ఎఫ్‌డీ ఉన్న హాబ్‌కు నాబ్ నొక్కి, వెలిగాక కూడా పుల్ల వేడెక్కేదాకా పట్టుకుని ఉండాలి. అది ఆమెకు చెబుతుంటే రాజలింగం గారు వెనకే నిలబడి ఉన్నారు, ఏదైనా జరిగితే పట్టుకోవడానికన్నట్టు చేతులు చాపి.

"ఎనక నిలబడకు. నీ ఊపిరి సప్పుడుకు నాకు మంట ఇనరాదు. బయటికి పో," అన్నారు కనకమ్మ గారు.

ఆయన నా వైపు చూశారు. నేను నా సామాన్ల సంచి తీసుకుని ముందు నేనే బయటికి నడిచాను. కాసేపటికి ఆయనా వచ్చారు. వాకిట్లో నులకమంచం మీద, వంటింటికి వీపు పెట్టి కూర్చున్నారు. అడవి మీద పొద్దు తెల్లగా, నిద్ర కళ్లతో ఉంది. నాకు అప్పుడనిపించింది, నా పని హాబ్ బిగించడంతో అయిపోదని. వండే మనిషిని దాని దగ్గర ఒంటరిగా వదిలి ఇంట్లోవాళ్లు నిశ్చింతగా బయటికి రాగలిగితేనే అది ఆ ఇంటికి సరైన పొయ్యి. ఎన్ని బర్నర్లు, గాజుదా స్టీలుదా అన్నవన్నీ ఆ తర్వాతి మాటలు. ఇప్పుడు షాపుకొచ్చిన ప్రతివాళ్లనూ, పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారని ముందుగా అడుగుతున్నాను.

లోపల నాబ్ నొక్కిన చప్పుడైంది. మేమిద్దరం చెవులు అటే పెట్టాం. ఆయన వేళ్లు నులక తాడును గట్టిగా పట్టుకున్నాయి.

"అంటుకున్నది," అన్నారు మెల్లగా, వెనక్కి తిరగకుండానే. లేచి వెళ్లలేదు.