కాలం గడి ఖాళీ

భూపాలపల్లిలో బట్టలు కుట్టే బాబామియా బిడ్డ నిషాత్ వరంగల్‌లో పరిశోధన చేసేది. మలేరియా మందు రక్తంలో ఎంత చేరుతుందో, ఎంతసేపటికి పోతుందో చెప్పే లెక్కల నమూనాను మూడేండ్లు కూర్చుని కంప్యూటర్‌లో తయారుచేసింది. ఏ ల్యాబువాళ్లయినా తమ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకునేటట్టు, అందరూ ఒప్పుకున్న ఉమ్మడి పద్ధతిలో దాన్ని రాసి పుణెలో ఇదే మందు మీద పరిశోధన చేసే విద్యాసాగర్ సారుకు పంపింది.

అది 2011, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. హాస్టల్ మూసేస్తే ఇంటికొచ్చింది. మూడోరోజు పొద్దున సారు ఫోన్ చేసిండు.

"మా నమూనాతో కలిపి నడిపిస్తే, లెక్కలో మందు ఒంట్లో పేరుకుపోయి విషమవుతోందమ్మా. తప్పెక్కడుందో చూడు. సోమవారం డాక్టర్లకు చూపించాలి."

నిషాత్ ఫోన్ పెట్టేసి చెప్పులు వెతుక్కుంది. ఆ లెక్క నమ్మి డాక్టర్లు మందు తగ్గిస్తే, జ్వరం ఆగుతదా? పోయిన వానకాలం మలేరియా జ్వరంతో కండ్లు మూసిన, తండాలోని బీక్యా బిడ్డ మొహం గుర్తొచ్చింది.

"ఏమైంది బేటీ?" అన్నడు బాబామియా.

"ఏం లేదబ్బా" అని బయటపడ్డది.

బజారంతా బంద్. సమ్మెకు గుర్తుగా జనం రోడ్డు మీదనే వంటలు వండుతున్నరు. నెట్ సెంటర్ కైసర్ సగం షట్టర్ ఎత్తి, "జల్ది కానియ్ అక్కా, కరెంట్ గంటే ఉంటది" అన్నడు.

ఫైలు తెరిచింది. పేర్లు సరిగ్గనే ఉన్నయ్. సమీకరణాలూ సరిగ్గనే ఉన్నయ్. కాలానికి కొలత రాసే గడి మాత్రం ఖాళీ. తన అంకెలన్నీ గంటల లెక్క. సారువి రోజుల లెక్క. గంటల్లో పోవాల్సిన మందు అక్కడ రోజుల తరబడి రక్తంలోనే ఉంటున్నది.

మీ సాఫ్ట్‌వేర్‌దే తప్పు అనేస్తే ఎవరికి తెలుస్తది? ఆ ఆలోచనకు ఆమెకే సిగ్గనిపించింది. ఫోన్ తీసింది.

"సార్, తప్పు నాదే. కాలం గడిలో గంటలని రాయలే."

పరిశోధన ఇక్కడితో ఆగిపోయిందనుకుంది.

"రాసి పంపు. కొలత అడగకుండా కలపడం మా తప్పు కూడా" అన్నడు సారు.

గడి నింపి పంపిన ఫైలు పోతుండంగనే కరెంట్ బందైంది. యూపీఎస్ బ్యాటరీ కీచుమంటుంటే తెర మీంచి కండ్లు తిప్పలే. ఎట్లనో ఫైలు సారుకు చేరింది.

సాయంత్రం సారు ఫోన్ చేసి, "రెండు లెక్కలూ కలిసినయ్" అన్నడు. నిషాత్‌కు ఆ సంతోషం ఎక్కువసేపు నిలువలేదు, ఇంకెక్కడన్న తప్పుందేమో అనిపించింది. దీపం పెట్టుకుని నమూనా రాసుకున్న కాగితాల మీది అంకెలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఇంకో రెండు చోట్ల కొలతలు రాయలేదు. ఇప్పుడు లెక్కలు కలిసినయ్ గదా, ఎవరూ అడగరు. అయినా సారుకే ఫోన్ కలిపింది.