నీలం మస్టాంగ్ చిన్న అద్దం: మబేలాలో ఒక శనివారం

ఈ పోస్టులో ఫొటోలు లేవు. ఎందుకు లేవో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. మస్కట్‌లో పాత అమెరికన్ కార్లు ఎక్కడ చూడొచ్చని చాలామంది అడుగుతున్నారు కాబట్టి దారి, వేళలు, ఖర్చు అన్నీ రాస్తాను. వాటితోపాటు ఆ రోజు నేను చేసిన పని కూడా రాయాలి. అది వదిలేసి మిగతాది రాయడానికి రెండుసార్లు కూర్చున్నాను, కుదరలేదు.

నేను బౌషర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫార్మసిస్టుని. సొంత ఊరు విజయవాడ. నాన్నకు ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉండేది. ప్రమాదాల్లో నలిగిన కార్ల రేకు సుత్తితో సరిచేసి, లప్పం పెట్టి, రంగు వేసేవాడు. ఆ షెడ్డు గోడకు ఎవరో విదేశీ పత్రికలోంచి చింపిన కాగితం ఒకటి అతికించి ఉండేది. అందులో పొడవాటి బానెట్, పొట్టి వెనకభాగం ఉన్న కారు. బానెట్ అంత పొడుగెందుకని చిన్నప్పుడు అడిగితే, "ఇంజను పెద్దదమ్మా, దానికి అంత ఇల్లు కావాలి" అన్నాడు నాన్న. అప్పటినుంచి ఆ తరహా కార్లంటే నాకు పిచ్చి. ఏ సంవత్సరం మోడల్‌కు వెనక లైట్లు ఎలా ఉంటాయో చెప్పగలను. అయితే నిజం కారు ఒక్కదాన్ని కూడా దగ్గరగా చూడలేదు, మొన్న మార్చి దాకా.

మార్చిలో ఒక సాయంత్రం సీబ్ సముద్రపు ఒడ్డున నడుస్తుంటే వెనకనుంచి ఆ చప్పుడు వచ్చింది. ఎనిమిది సిలిండర్ల ఇంజను నెమ్మదిగా నడుస్తుంటే వచ్చే శబ్దం చెవికంటే ముందు గుండెకు తగులుతుంది. నీలం రంగు మస్టాంగ్, అరవై ఏడు మోడల్. నడుపుతున్నది డెబ్బై దాటిన ఒమానీ పెద్దాయన. కారు ఆపగానే సిగ్గు విడిచి దగ్గరికి వెళ్ళి పలకరించాను. ఆయన పేరు నాసర్ అనుకుందాం. చక్కటి హిందీ మాట్లాడతారు. మబేలాలో తనకు వర్క్‌షాపు ఉందని, పాత కార్లు బాగుచేయిస్తుంటానని, ఏదైనా శనివారం పొద్దున రమ్మని చెప్పారు.

డ్యూటీలు కుదిరి నేను వెళ్ళేసరికి మే నెలాఖరు అయింది. పొద్దున ఎనిమిదిన్నరకు బౌషర్‌లో బయలుదేరాను. మస్కట్ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా వెళితే ముప్పై ఐదు కిలోమీటర్ల దాకా ఉంటుంది, శనివారం రద్దీ ఉండదు. రానుపోను పెట్రోలు రెండు రియాళ్ళ లోపే. కారు లేనివాళ్ళకు రూవి నుంచి మబేలా వైపు సిటీ బస్సు ఉంది. దిగాక గ్యారేజీలన్నీ ఉండే పారిశ్రామిక ప్రాంతానికి టాక్సీ తీసుకోవాలి. అక్కడి మనవాళ్ళు దాన్ని సనయ్య అంటారు. అన్ని షెడ్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి లొకేషన్ ముందే తెప్పించుకోండి. నేను వెతుక్కునేసరికి తొమ్మిదింపావు అయింది. అప్పటికే ఎండ నలభై దాటినట్టుంది.

షెడ్డులో నాలుగు కార్లున్నాయి. రెండు తుప్పు వదిలించి పక్కన పెట్టినవి, ఒకటి ఇంజను విప్పినది, నాలుగోది నీలం మస్టాంగ్. దాని బానెట్ మీద మనిషి ముఖం కనిపించేంత నునుపు. నాసర్ గారు బానెట్ ఎత్తి తన కథ చెప్పారు. పద్దెనిమిదేళ్ళప్పుడు పనికోసం కువైట్ వెళ్ళారట. అక్కడ యజమానికి ఇలాంటి కారే ఉండేది. రోజూ పొద్దున దాన్ని కడగడం ఈయన పని. "మూడేళ్ళు కడిగాను. ఒక్కసారి కూడా లోపల కూర్చోనివ్వలేదు" అన్నారు నవ్వుతూ. ఈ కారును ఏడేళ్ళ కిందట తుక్కు స్థితిలో కొన్నారట. రేకు పని, రంగు పని మొత్తం చేసింది గంగాధర్ అని, దూరంగా ఒక డోరు రుద్దుతున్న మనిషిని చూపించారు.

గంగాధర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. నా ముఖం చూసి, "మేడం, తెలుగోళ్ళేనా?" అన్నాడు. అవునన్నాను. "మాది జగిత్యాల దిక్కు. ఇగ గురువారం సెలవు మీద పోతున్న. మూడేండ్లయింది మా చేన్ల పసుపు ఏసి. ఈసారి నా చేతుల్తోని ఏస్త." అతని గోళ్ళ సందుల్లో ఎండిన లప్పం ఉంది. మా నాన్న గోళ్ళలో కూడా అలాగే ఉండేది. స్కూల్లో ఫీజు కట్టడానికి ఆయన వచ్చినప్పుడు ఆ చేతులు ఎవరూ చూడకుండా నేను ముందుకు వచ్చి నిలబడేదాన్ని.

నేను ఇంజను గురించి, వెనక లైట్ల గురించి గడగడా మాట్లాడుతుంటే నాసర్ గారు ముచ్చటపడ్డారు. "ఆడపిల్లవి, ఇవన్నీ నీకెలా తెలుసు?" అని అడిగారు.

"మా నాన్న ఆటోమొబైల్ ఇంజనీరు" అన్నాను.

నోరు తెరవగానే వచ్చేసింది. ఆలోచించి ఆడిన అబద్ధం కాదు, కానీ ఎన్నో ఏళ్ళుగా ఎక్కడికక్కడ చెబుతూ నోటికి అలవాటైనది. నాసర్ గారు గౌరవంగా తల ఊపారు. "మామూలుగా ఎవరినీ లోపల కూర్చోనివ్వను. నువ్వు కూర్చో" అని డ్రైవరు వైపు డోరు తెరిచి, ఖహ్వా, అంటే అరబ్బీ కాఫీ, తెస్తానని ఆఫీసు గదిలోకి వెళ్ళారు.

గంగాధర్ డోరు దగ్గరికి వచ్చాడు. ఆ కాలపు కార్లకు ముందు కిటికీ పక్కన చిన్న ముక్కోణపు అద్దం ఉంటుంది, గాలి కోసం తిప్పుకునేది. దాని పిడి చూపించి, "అన్ని చూడుండ్రి గని మేడం, దీన్ని మాత్రం ముట్టకుండ్రి. ఈ బటన్ ఒత్తిపట్టి తిప్పాలె. ఉత్తగ తిప్పితే ఇరుగుతది. అమెరికా నుంచి రానీకె నాలుగు నెలలు వట్టింది, నిన్ననే బిగించిన" అన్నాడు. సరేనన్నాను. అతను డిక్కీ వైపు వెళ్ళాడు.

బ్లాగు కోసం ఫోనులో వీడియో తీస్తూ ఉన్నాను. స్టీరింగు, మీటర్లు, సీటు కుట్లు, తర్వాత ఆ చిన్న అద్దం. అది మెల్లగా తెరుచుకుంటుంటే తీస్తే బాగుంటుందనిపించింది. ఇంజనీరు కూతురికి పిడి తిప్పడం రాదా అనుకున్నానేమో. ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో తిప్పాను. బటన్ నొక్కలేదు. టక్కుమంది. పిడి నా చేతిలోకి వచ్చింది.

చుట్టూ చూశాను, ఎవరూ గమనించినట్టు లేదు. విరిగిన పిడిని ఉన్నచోటే నిలబెట్టాను. చూడటానికి అతికినట్టే ఉంది. దిగి, డోరు చప్పుడు కాకుండా వేశాను. ఇంత మెల్లగా డోరు వేయడం నాన్న షెడ్డులో నేర్చుకున్నాను.

నాసర్ గారు ఖహ్వా, ఖర్జూరాలు తెచ్చారు. ఒక కప్పు తాగాక, కిటికీ గొప్పతనం చూపిద్దామని ఆయనే లోపలికి చెయ్యి పెట్టారు. పిడి ఊడి సీటు మీద పడింది. ఆయన ముఖం ఒక్కసారిగా మారిపోయింది. గంగాధర్‌ని పిలిచి అరబ్బీలో, హిందీలో కలగలిపి అరిచారు. నాలుగు నెలలు ఎదురుచూశానన్నారు, నీవి మొరటు చేతులన్నారు. చివరికి, మళ్ళీ పిడి తెప్పించి బిగించేదాకా నీకు సెలవు లేదన్నారు.

గంగాధర్ నావైపు ఒక్కసారి చూశాడు. తర్వాత నేల చూస్తూ, ఇక్కడ యజమానిని పిలిచే మాటతో హిందీలో అన్నాడు, "తప్పయింది అర్బాబ్. గట్టిగా బిగించినట్టున్నా."

నేను చెప్పాల్సిన క్షణం అదే. కప్పులో ఇంకా ఖహ్వా ఉంది. అది తాగాను. వేడిగా ఉంది, యాలకుల వాసన వచ్చింది. ఇంత గుర్తుంది, కానీ నోరు ఎందుకు తెరవలేదో ఇప్పటికీ చెప్పలేను. నాసర్ గారు నాకు క్షమాపణ చెప్పారు, అతిథి ముందు అరిచినందుకు. ఫరవాలేదన్నాను! పదకొండున్నరకు వచ్చేశాను.

సీబ్ పాత బజారు దగ్గర, సముద్రం కనిపించే చిన్న హోటల్లో భోజనానికి ఆగాను. వేయించిన చేప, అన్నం రెండున్నర రియాళ్ళు. మీరు అటు వెళితే తప్పకుండా తినండి, మంచి పేరున్న చోటు. నేను నాలుగు ముద్దలు తిని ఆపేశాను. వంట చేసే మలయాళీ ఆయన బయటికి వచ్చి, "చేప బాగాలేదా చేచీ?" అని అక్కను పిలిచినట్టు అడిగాడు. బాగుందన్నాను. "మరి అలా వదిలేశారేం?" అన్నాడు. ఫోను తీసి వీడియో చూడటం మొదలుపెట్టాను.

స్టీరింగు వచ్చింది, మీటర్లు వచ్చాయి. తర్వాత నా వేళ్ళు, పిడి, టక్కుమన్న శబ్దం. ఆ చిన్న అద్దం అవతల, కారు బయట గుండ్రటి సైడు మిర్రర్ ఉంది. అందులో డిక్కీ దగ్గర నిలబడ్డ గంగాధర్ కనిపిస్తున్నాడు. తల ఎత్తి సరిగ్గా నన్నే చూస్తున్నాడు. నేను పిడిని తిరిగి నిలబెట్టేదాకా చూసి, అప్పుడు తల దించుకున్నాడు.

ఆ వీడియోను నాలుగైదుసార్లు చూశాను. చెరిపేద్దామని కూడా వేలు పెట్టాను. అది కూడా రాస్తున్నాను, ఎందుకంటే నేనేదో వెంటనే పశ్చాత్తాపపడి పరుగెత్తానని మీరు అనుకోకూడదు. ఒంటిగంటకు గ్యారేజీలు మూసేస్తారు, నాలుగింటికి తెరుస్తారు. ఆ మూడు గంటలూ సీబ్‌లో కారులో ఏసీ వేసుకుని కూర్చున్నాను. రెండుసార్లు బౌషర్ దారి పట్టి, రెండుసార్లు వెనక్కి తిప్పాను.

నాలుగున్నరకు వెళ్ళేసరికి నాసర్ గారు ఫ్యాను ముందు కూర్చుని ఉన్నారు. గంగాధర్ మస్టాంగ్ డోరు విప్పి విరిగిన ముక్క బయటికి తీస్తున్నాడు. నేను నిలబడే చెప్పాను. పిడి విరగ్గొట్టింది నేనని, వద్దని అతను ముందే చెప్పాడని. వీడియో చూపించాను. మా నాన్న ఇంజనీరు కాదు, గంగాధర్ చేసే పనే చేసేవాడని కూడా చెప్పాను.

నాసర్ గారు వీడియో మరోసారి పెట్టి చూశారు. ఫోను తిరిగి నా చేతిలో పెట్టి, "కువైట్‌లో నేను కడిగిన కారుకు గీత పడితే నన్నే అనేవాళ్ళు. ఎవరు గీశారని ఎప్పుడూ అడగలేదు. ఇవాళ నేనూ అడగలేదు" అన్నారు. కొత్త పిడి నేను తెప్పిస్తానంటే వద్దన్నారు. "నాకు చెప్పడం అయింది. అతనికి చెప్పు."

గంగాధర్ దగ్గరికి వెళ్ళాను. "అన్నా, క్షమించు. నువ్వు చూశావు కదా, మరి ఎందుకు చెప్పలేదు?" అన్నాను. నన్ను కాపాడటానికి ఊరుకున్నాడని, తెలుగు మనిషినని జాలిపడ్డాడని నాలో నేను అనుకుంటూ వచ్చాను.

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "చెప్తే మీరు కాదంటే ఏం చేస్తును మేడం? అర్బాబ్ నా మాట నమ్ముతడా, ఇంజనీరు బిడ్డ మాట నమ్ముతడా? అబద్ధాలకోరు అనిపించుకునుడు కంటే చేతగానోడు అనిపించుకునుడే నయమనుకున్న."

విప్పిన ముక్కలు ఒకచోట చేర్చి అతనే అడిగాడు. "మీ నాయన నిజంగ డెంటరేనా?"

"అవును. ఆటోనగర్‌లో."

"ఆ మాట పొద్దుగాల్నే చెప్తే నేనే పక్కన నిలవడి తిప్పి చూపెడుదు గద" అన్నాడు. కోపంగా అనలేదు. మళ్ళీ పనిలోకి వంగాడు. నన్ను క్షమించానని మాత్రం అనలేదు. ఇక అడగడానికి నాకూ ముఖం లేకపోయింది.

గంగాధర్ ఆ గురువారమే ఊరికి వెళ్ళాడని నాసర్ గారు ఫోనులో చెప్పారు. నా బ్లాగులో కారు ఫొటోలు వద్దని ఆయన కోరారు, జరిగింది రాసుకోవడానికి అభ్యంతరం లేదన్నారు. మళ్ళీ రమ్మని అనలేదు. ఆ కార్లలో నాకు నచ్చిందేమిటో ఈమధ్య ఆలోచిస్తున్నాను. గాలిని చీల్చే ఆ ఆకారం, ఆ శబ్దం అనుకునేదాన్ని. యాభై ఏళ్ళ తుప్పులోంచి ఆ ఆకారాన్ని మళ్ళీ బయటికి తెచ్చేది లప్పం పట్టిన గోళ్ళున్న మనుషులు. నేను వాళ్ళ పనిని మెచ్చుకుంటూ వాళ్ళనే దాచిపెడుతూ ఇన్నేళ్ళు తిరిగాను. ఇదంతా విజయవాడలో ఉన్న నాన్నకు ఇంకా చెప్పలేదు. ఇక్కడ రాయడం కంటే అది కష్టంగా ఉంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. ఏ గ్యారేజీకైనా శనివారం పొద్దున పదింటిలోపు వెళ్ళండి, యజమాని కంటే ముందు ఆ కారును బాగుచేసిన మనిషిని పలకరించండి. ఏది ముట్టుకోవచ్చో, ఏది కూడదో అతనికే తెలుస్తుంది. అతను వద్దన్నచోట చేతులు వెనక్కి కట్టుకోండి.