గోనెసంచుల బర్రె

కాజీపల్లి మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసే శివమ్మ ఆదివారమైతే బర్రె వెనక కాళ్లవుతుంది. కార్మికుల నాటక బృందం వెదురుబద్దలు, గోనెసంచులతో చేసుకున్న పెద్ద బొమ్మ అది. తలను ఒడిశా నుంచి వచ్చిన దిబాకర్ ఆడిస్తాడు. ముందు కాళ్లు బీహారీ వెల్డర్ రామ్‌సేవక్‌వి. ముగ్గురికీ ఒక భాష లేదు, బయట ఐలన్న కొట్టే డప్పును బట్టే అడుగులు కలుస్తాయి. కొంగు నడుముకు బిగించి, నములుతున్న తమలపాకును దవడకు నెట్టి శివమ్మ లోపలికి దూరిందంటే ఇక నడకలో తడబాటుండదు. చిన్నప్పటి నుంచి బర్రెల వెనక తిరిగిన మనిషి.

తొంభై ఆరు వేసవిలో పటాన్‌చెరు సంతలో ఆడారు. పాడైన కుంట నీళ్లు తాగి బర్రె చచ్చిపోవడంతో నాటకం ముగియాలి. డప్పు ఆగింది, బర్రె కూలింది. ఇంతలో కూరగాయలమ్మే ముసలామె ఒకతె చెంబుతో నీళ్లు తెచ్చి బొమ్మ మూతి మీద పోసి, "లే తల్లీ, లే" అంటూ వీపు నిమిరింది. బర్రె లేచేటప్పుడు మొదట వెనక కాళ్లే లేపుతుంది. శివమ్మ లేపింది. ముందున్న ఇద్దరికీ లేవక తప్పలేదు. ఐలన్న మళ్లీ డప్పందుకున్నాడు. సంతంతా ఈలలు వేసింది.

తర్వాత, నాటకం రాసిన సలీం సార్ అడిగాడు. "కథ మార్చినవేంది శివమ్మా? బర్రె సచ్చిపోవాలె గదా."

"ఆమె నీళ్లు తెచ్చి పోసింది సార్," అంది శివమ్మ, జుట్టులోని గోనెపీచు దులుపుకుంటూ. "ఇగ ఎట్ల పండుకుంట?"