అద్దాలు లేని స్కూటీ

నలభై ఏళ్ల వయసులో రాయపూర్‌లో స్కూటీ నేర్చుకున్నాను. నేర్పింది మా ఆయనే. రైల్వేలో ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు పిల్లలకు పరుగు పందేల్లో శిక్షణ ఇస్తారు. ఇంట్లోనూ అవే పాఠాలు. పప్పు మాడినా "ఓటమే గురువు" అంటారు. గిన్నె తోమేది మాత్రం నేను.

"పీఛే తిరిగి చూసినవాడు ఓడిపోయినట్టే. నువ్వు సీదా చూడు!" అంటూ బండికున్న రెండు అద్దాలూ విప్పేశారు.

ఆ ఉదయం ఆయన్ని వెనక ఎక్కించుకుని టాటీబంధ్ చౌక్‌లో సిగ్నల్ దగ్గర ఆగాను. పచ్చలైటు పడగానే కదిలాను. వెనకనుంచి "అరే, రుకో!" అని అరుపులు వినిపించినా తిరిగి చూడలేదు. బండి తేలిగ్గా పోతుంటే, నాకు డ్రైవింగ్ వచ్చేసిందని మురిసిపోయాను.

గుఢియారీలో ఇంటి ముందు ఆగి చూస్తే వెనక సీటు ఖాళీ! ఆయన ఫోన్ నా సంచిలోనే ఉంది. దారిలో అన్ని లారీల మధ్య ఏమైపోయారోనని వెంటనే బండి తిప్పాను. ఏడుస్తూ వెనక్కి వెళ్లాను. జారిపోయిన చెప్పు కోసం దిగిన మనిషి, ఆ చెప్పు చేత్తో పట్టుకుని చౌక్‌లోనే నిలబడి ఉన్నారు.

"ఒక్కసారి అద్దంలో చూసుకోవద్దా?" అని నా మీదే కేకలు!

"ఏ అద్దంలోనండీ? విప్పింది మీరేగా!" అని అంతమందిలోనూ అరిచేశాను.

మర్నాడే అద్దాలు బిగించుకున్నాను. పందెంలో వెనక ఉన్నవాడు ప్రత్యర్థి కావచ్చు. నా బండి మీద వెనక ఉండేది మొగుడు.