చేతులు కడుక్కున్నవాళ్లకే పుస్తకాలు

ఉమామహేశ్వర్లుకు ఉన్నది ఒక్కటే పిచ్చి. చేతులు కడుక్కోనివాడికి పుస్తకం ఇవ్వడు. మార్కాపురంలో మా గ్రంథాలయం గుమ్మం పక్కన నీళ్ల బాన, చెంబు, తువ్వాలు పెట్టుకుని ఇరవై రెండేళ్లు లైబ్రేరియన్ ఉద్యోగం వెలగబెట్టాడు.

ఉగాది నాడు తలంటుకుని, కొత్త పంచె కట్టుకుని వెళ్లాను.

"చేతులు" అన్నాడు.

"ఇప్పుడే స్నానం చేసి వస్తిని గదన్నా."

"దారిలో ఏం ముట్టుకున్నావో నాకేం తెలుసు? కడుగు."

అన్నం తెచ్చిన భార్య కామేశ్వరినీ వదల్లేదు. "పప్పు చేసింది ఈ చేతుల్తోనే గదా" అందావిడ. "పప్పు వేరే, పుస్తకం వేరే" అన్నాడు. ఒకసారి డిప్యూటీ తహసీల్దారు చేతులు కడిగి తుడుచుకునేసరికి వచ్చిన పనే మరిచిపోయాడు.

రాజధాని కర్నూల్లో ఉన్న రోజులవి. కంభం సంతలో బెల్లం కొంటే, చుట్టిన కాగితం మీద మా గ్రంథాలయం ముద్ర కనిపించింది. తెచ్చి ఉమామహేశ్వర్లుకిచ్చాను. నన్ను చేతులు కడుక్కోమనలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

ఆయన జ్వరంతో పడుకున్న వారంలో మా గ్రంథాలయం కమిటీ అధ్యక్షుడు, పలకల వ్యాపారి పుల్లారావు రెండు బీరువాల పుస్తకాలు తూకానికి అమ్మేశాడని ఊరంతా పొక్కింది. కమిటీ కూర్చుంది.

"చెదలు తిన్నాయని రాసి సంతకం పెట్టు. నీ ఉద్యోగం నీకుంటది" అన్నాడు పుల్లారావు.

"చేతులు కడుక్కోకుండా లోపలికొచ్చిన ఆ చెదలేంది?" అన్నాడు ఉమామహేశ్వర్లు.

ఎవరూ నవ్వలేదు. ఆయన తాళాలు బల్ల మీద పెట్టి లేచాడు. కమిటీలో ఉన్న నేనూ నోరెత్తలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన గిద్దలూరులో కూతురింటికి వెళ్లిపోయాడు. పుల్లారావు బావమరిది ఆ కుర్చీలో కూర్చున్నాడు, బాన పెరట్లోకి పోయింది. పీడ వదిలిందని సంతోషిద్దామంటే ఆ గదిలోకి వెళ్లబుద్ధే కాలేదు.

ఒకరోజు పలకల గనిలో పనిచేసే జ్ఞానయ్య పుస్తకం పట్టుకుని మెట్ల కింద నిలబడి ఉన్నాడు.

"ఏంది, బయటే ఉన్నావు?"

"లోపలికి రాకూడదంట అయ్యోరా. పుస్తకం మెట్టు మీద పెట్టి పొమ్మన్నాడు కొత్తాయన."

"ఇన్నేండ్లూ వస్తివి గదా?"

"అప్పుడు బాన ఉండె. లైబ్రరీ పెట్టిన కొత్తలో నేనొస్తే, నేను ముట్టిన పుస్తకం తాము ముట్టుకోం అన్నారు లోపలుండే పెద్దలు. మర్నాడే సారు బాన పెట్టినాడు. ఎవరైనా కడుక్కోవాల్సిందే, కడుక్కుంటే ఎవరైనా ముట్టుకోవచ్చన్నాడు. మొదట పుల్లారావుతోనే కడిగించినాడు."

"ఎవరా పెద్దలు?" అన్నాను కోపంగా.

జ్ఞానయ్య పుస్తకం మెట్టు మీద పెట్టాడు. "మీరూ ఉన్నారు గదా అయ్యోరా."

 నా మొహం చూసి జాలిపడ్డాడేమో, ఆయనే నన్ను ఓదార్చాడు.

"పోనీలే అయ్యోరా. ఆ తర్వాత రోజూ కడుక్కుంటిరి గదా."