పక్కింటి పిల్ల

ముందుగా ఒక మనవి. నా తెలుగు పేదది. పగలు తెనాలిలో మిల్లు పని చేసుకుంటూ, రాత్రి కళాశాలలో చదివి పట్టా సంపాదించుకున్నవాడిని. భాషలో దోషాలుంటే పెద్దలు మన్నించాలి. విషయంలో మాత్రం దోషం లేదు... ఇది మా ఇంట్లో జరిగినదే.

మా చిన్నప్పుడు... పెనుమూడిలో మా వీధి మొత్తానికి ఫోను ఒక్కటే. అది ఎరువుల కొట్టులో ఉండేది. రేపల్లెకు మాట్లాడాలన్నా కొట్టాయన ఎక్స్ఛేంజికి చెప్పి కలిపించాలి. లైను సరిగా ఉండదు కనుక ఇటు మనమూ అటు వాళ్ళూ అరవవలసిందే. కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నవారికి రెండు వైపుల మాటలూ వినిపించేవి.

మా నాన్నగారు బడిలో మేష్టారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా ఆయనే. ఆ రోజుల్లో నులక మంచానికి నల్లులు పడితే, చేలకు కొట్టే పురుగుమందునే నీళ్ళలో కలిపి సందుల్లో పోసేవారు. ఒక సెలవు రోజు ఉదయం నాన్నగారు ఆ పని చేసి, మిగిలిన మందును సత్తు గ్లాసుతో మంచం కింద వదిలేశారు.

మూడేళ్ళ మా చెల్లి అది తాగింది.

అమ్మ దాన్ని చంకన వేసుకుని కొట్టు దాకా పరుగెత్తింది. వెనక నాన్నగారు, ఆ వెనక నేను. చెల్లి గౌను నుంచి మందు వాసన గుప్పున కొడుతోంది.

"ఏంటి మేష్టారూ, పొద్దున్నే? ఇంట్లో ఏమన్నా మాటా మాటా వచ్చిందా?" అన్నాడు బల్ల మీది ఒకాయన.

మా వైపు ఒక ఇంటి నుంచి పురుగుమందు మాట వచ్చిందంటే జనానికి అర్థం ఒక్కటే... ఆ ఇంట్లో గొడవ జరిగింది, ఎవరో చావబోయారు అని. నాన్నగారి ముఖం మాడిపోయింది.

రేపల్లెలో డాక్టరుగారు దొరికారు.

"మా పక్కింటి పిల్లండి... ఏదో తాగిందండి" అన్నారు నాన్నగారు.

"ఏం తాగింది?"

నాన్నగారు బల్ల వైపు చూశారు. "కిరసనాయిలు అనుకుంటానండి."

"అనుకోవడం ఏంటండీ? చొంగ కారుతోందా? కళ్ళు తెరుస్తోందా?"

కారుతోంది. అమ్మ భుజమంతా తడిసిపోయింది. నాన్నగారు మళ్ళీ బల్ల వైపే చూశారు.

"మీకు తెలీదులెండి. ఆ పిల్ల తల్లిని పిలవండి."

అమ్మ నాన్నగారి చేతిలోంచి ఫోను తీసుకుంది.

"తల్లిని నేనేనండి. కిరసనాయిలు కాదు. నల్లులకని ఇంట్లో కలిపిన పురుగుమందు. చొంగ ధారగా కారుతోందండి. కళ్ళు మూసేస్తోంది."

వీధి వీధంతా వినిపించేలా అరిచింది.

"ఏమీ తాగించకండమ్మా. గౌను తీసేసి ఒళ్ళు కడగండి. మందు డబ్బా పట్టుకుని ఇప్పుడే బయల్దేరండి."

కొట్టాయన మోటారు సైకిలు తీశాడు. చెల్లి బతికింది. ఇప్పుడు బాపట్లలో ఇద్దరు పిల్లల తల్లి.

పోయింది మా పరువు. మేష్టారి భార్య పిల్లకు మందు పట్టి తనూ తాగబోయిందని ఊళ్ళో చెప్పుకున్నారు. చర్చిలో ఆడవాళ్ళు అమ్మకు కొంచెం ఎడంగా జరిగి కూర్చునేవారు. నాన్నగారు వాక్యం చదవడం మానేశారు. బడిలో నన్ను "ఏరా నల్లులోడా" అని పిలిచేవారు. నాకు అబద్ధమాడిన నాన్నగారి మీద కోపం రాలేదు... నలుగురిలో నిజం చెప్పిన అమ్మ మీద వచ్చింది.

తరువాత కొన్నాళ్ళకు ఒకావిడ మా గుమ్మంలోకి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వదినా, మా పక్కింటి పిల్లోడు ఎలకల మందు నోట్లో పెట్టుకున్నాడంట" అంది. అమ్మ ఎవరి పిల్లాడని అడగలేదు. చెప్పులేసుకుని, "పద" అంది. ఆవిడ చెవిలో చెబుతుంటే, అమ్మే ఫోనులో "తల్లిని నేనేనండి" అని అరిచింది.

అలా ఎందరో వచ్చారు. డాక్టరుగారు అమ్మ గొంతు గుర్తుపట్టారు కాబోలు, ఒకసారి నవ్వుతూ అడిగారు.

"ఏంటమ్మా, మీకెంతమంది పిల్లలు?"

"చాలామందే ఉన్నారండి. ముందు వీడి సంగతి చెప్పండి."

అమ్మ కొట్టు వైపు నడుస్తుంటే నేను పక్క సందులోకి తప్పుకునేవాడిని... ఆవిడ కొడుకునని ఎవరూ అనకూడదని.

ఇప్పుడు అందరి జేబులోనూ ఫోను ఉంది. ఇలాంటి ఆపదకు సలహా చెప్పడానికే ప్రత్యేకంగా నంబర్లున్నాయి. బల్ల మీద కూర్చుని వినేవారు లేరు. అయినా ఈమధ్య మా ఆఫీసులో ఒక కుర్రవాడు పరుగున నా దగ్గరికి వచ్చాడు. "సార్, మా పక్కింటి పాప వాళ్ళ నానమ్మ బీపీ మాత్రలు మింగిందంట. ఎవరికి ఫోన్ చెయ్యాలండి?"

అమ్మ కొడుకునై ఉండి, నేను అన్న మాట ఇది: "ఎవరి పాప? నీ పాపేనా?"

అతడు తల దించుకున్నాడు. నంబరు కలిపి ఇచ్చాను, పాప క్షేమంగానే ఉంది. కానీ అమ్మ ఏనాడూ అడగని ప్రశ్నను నేను మొదటే అడిగాను. అమ్మ లేదు కనుక ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇక్కడ వ్రాస్తున్నాను.

మీ ఇళ్ళలోనూ ఒక పక్కింటి పిల్ల ఉండే ఉంటుంది... వ్రాయండి, పేరు అడగను. ఇది చదివినవారు తరువాత దీన్ని ఇంట్లోని మగవారి చేతికి ఇవ్వండి. తల్లులకు చదివి వినిపించనవసరం లేదు.